వృత్తి గడిలో ‘ఏమీ లేదు’

గ్రామీణాభివృద్ధి మీద మన విశ్వవిద్యాలయాల్లో తయారయ్యే సిద్ధాంత గ్రంథాలు చదవడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆర్థికశాస్త్రం, సోషియాలజీ, సోషల్ వర్క్, స్త్రీ అధ్యయనాలు - శాఖ ఏదైనా చివర అనుబంధంగా ఒక ప్రశ్నావళి ఉంటుంది. పేరు, వయసు, కులం, చదువు, వృత్తి, ఆదాయం. నేను ముందుగా ఆ అనుబంధమే తిరగేస్తాను. పరిశోధకులు ఏం కనుక్కున్నారో చివరి అధ్యాయం చెబుతుంది గానీ, ఏం కనుక్కోవాలనుకోలేదో ప్రశ్నావళే చెబుతుంది. వాటన్నిటిలోనూ ‘వృత్తి’ అన్న గడి నన్ను ఎక్కువగా ఆపేస్తుంది. గ్రామీణ స్త్రీల గురించి రాసిన గ్రంథాల్లో సైతం ఆ గడిలో వందల సార్లు పడిన జవాబు ‘గృహిణి’. అంటే ఏమీ లేదనే.

సాహిత్యం చదివే మనం కథనీ కవితనీ పట్టి పట్టి చదువుతాం. ‘సహనం’, ‘అణకువ’ లాంటి మాట ఒక్కటి దొర్లినా దాని వెనకున్న పితృస్వామ్యాన్ని బయటికి లాగుతాం. పరిశోధన నివేదిక దగ్గరికొచ్చేసరికి మాత్రం అది మన పని కాదన్నట్టు పక్కన పెడతాం. అంకెలున్నాయి గనక నిజం, పట్టికలున్నాయి గనక నిష్పాక్షికం అనుకుంటాం. కానీ నివేదిక కూడా రచనే. దానికీ ఒక కథకుడుంటాడు, పాత్రలుంటాయి, చెప్పకుండా దాటేసిన ఘట్టాలుంటాయి. కథ బాగా లేకపోతే పుస్తకం మూసేస్తాం, అంతే. నివేదికలో స్త్రీ శ్రమ కనబడకపోతే ఆ శ్రమకు కూలి రేటు ఉండదు, కార్మికురాలిగా ఆమెకు గుర్తింపు ఉండదు, ముసలితనంలో ఆ పని పేరు మీద ఏ హక్కూ ఉండదు. అందుకని ఈ రచనల్ని వదిలెయ్యడానికి వీల్లేదంటాను. వాటిని చదివేటప్పుడు ‘ఆమెకు ఎంత మేలు జరిగింది?’ అని అడిగేముందు, ‘ఈ ప్రశ్న ఎవరిది?’ అని అడగాలి.

ఇలా చదవడం నాకు నేర్పిన పుస్తకం మా గోదావరి నేల మీదే పుట్టింది. జర్మన్ సోషియాలజిస్టు, స్త్రీవాది మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మీద చేసిన అధ్యయనం అది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసింది. ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పేరుతో 1982లో వచ్చింది. ‘భారతీయ గృహిణులు ప్రపంచ మార్కెట్ కోసం ఉత్పత్తి చేస్తారు’ అని దాని ఉపశీర్షికను తెలుగులో చెప్పుకోవచ్చు. ఆ ఒక్క వాక్యంలోనే పుస్తకంలోని వైరుధ్యమంతా ఉంది. గృహిణి అంటే ఇంటి కోసం చేసేది. ప్రపంచ మార్కెట్ అంటే ఇంటికి అందనంత దూరం. ఈ రెండూ ఒకే మనిషి చేతుల్లో ఎలా కలిశాయన్నదే మీస్ వెతుకులాట.

లేసు పని పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల వెంట ఈ ప్రాంతానికి వచ్చింది. మతం మారిన పేద స్త్రీలకు నాలుగు డబ్బులు వస్తాయని మిషనరీ స్త్రీలు నేర్పిన అల్లిక, పోను పోను సముద్రాలు దాటే వ్యాపారమైంది. మీస్ చూసేనాటికి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో లక్షకు పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని అంచనా. దారం ఏజెంటు తెచ్చిస్తాడు. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె వాటిని అతుకుతుంది, వేరొకరు అంచు వేస్తారు. పువ్వు అల్లినామెకు ఆ బల్లగుడ్డ చివరికి ఎలా తయారైందో కూడా తెలియదు, అది ఏ దేశపు భోజనాల బల్ల మీద పరుస్తారో అసలే తెలియదు. ఏజెంట్లు, వ్యాపారులు, ఎగుమతిదారులు దాదాపు అందరూ మగవాళ్ళు. స్త్రీల చేతికి మాత్రం రోజంతా అల్లినా రూపాయి కూడా దక్కని రోజులవి. అదే ఊళ్ళో పొలం కూలికి వెళ్ళే ఆడవాళ్ళకు అంతకన్నా ఎక్కువ వచ్చేది.

ఇంత అన్యాయపు రేటు ఎలా నిలబడింది? ఎవరూ కర్ర పట్టుకుని కూర్చోబెట్టి అల్లించలేదు కదా! ఇక్కడే మీస్ ఒక మాటను పట్టుకుంది: తీరిక. లేసు తీరిక వేళల్లో చేసే పని అని వ్యాపారి అంటాడు, భర్త అంటాడు, ప్రభుత్వాధికారి అంటాడు, చివరికి అల్లే స్త్రీ కూడా అంటుంది. తీరిక వేళలో చేసేదానికి కూలి ఏమిటి, వచ్చినదే లాభం. వంట, పిల్లలు, పశువుల పని ముగించి రోజుకు ఆరేడు గంటలు సూది తిప్పే మనిషికి అసలు తీరిక అన్నదే లేదన్న సంగతి ఆ ఒక్క మాట కింద కప్పడిపోయింది. స్త్రీని కార్మికురాలు కాదు గృహిణి అని పేరు పెట్టి, ఆ పేరు ఆసరాగా ఆమె శ్రమను చవగ్గా తీసుకునే ఈ పద్ధతికి మీస్ పెట్టిన పేరును మనం ‘గృహిణీకరణ’ అనుకోవచ్చు. పేరు పెట్టడమంటే ఊరికే వర్ణించడం కాదు. రేటు అక్కడే ఖాయమవుతుంది.

ఆ మాట ఎలా పనిచేస్తుందో మా ఇంట్లో నేను కళ్ళారా చూశాను. 1981 జనాభా లెక్కలప్పుడు బడి మాస్టారు మా పెద్దమ్మ వాళ్ళింటికి కాగితాలు పట్టుకుని వచ్చారు. అరుగు మీద పెదనాన్న జవాబులు చెబుతున్నాడు. పెద్దమ్మ గుమ్మం లోపలగా కూర్చుని అల్లుకుంటోంది.

“మరి ఆవిడగారు ఏం చేస్తారండీ?” అన్నారు మాస్టారు.

“ఏం చేస్తుందండీ, ఇంట్లోనే ఉంటుంది.”

మాస్టారు మొహమాటానికి గుమ్మం వైపు తిరిగి, “అంతేనామ్మా?” అన్నారు. “అంతేనండీ. తోచక ఈ లేసు,” అంది పెద్దమ్మ, సూది ఆపకుండానే. ఆ ఏడాది కిరాణా కొట్టు బాకీ తీరింది ఆ తోచని పని డబ్బులతోనే. పెదనాన్న అబద్ధం చెప్పలేదు, మాస్టారు తప్పు రాయలేదు, పెద్దమ్మ దేన్నీ దాచలేదు. ముగ్గురూ నిజాయితీగానే ఉన్నారు. ముగ్గురూ కలిసి ఒక కార్మికురాలిని లెక్కలోంచి తీసేశారు.

అలాగని మీస్ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగమని చెప్పను. నాకు దానితో ఒక పేచీ ఉంది, అదీ ఆ ఉపశీర్షికతోనే. ‘భారతీయ గృహిణులు’ అంటే ఎవరు? ఆ కాలానికి లేసు అల్లేవాళ్ళలో ఎక్కువమంది కాపు స్త్రీలు. పొలానికి పోకుండా ఇంటి పట్టున ఉండటం వాళ్ళ దృష్టిలో కుల గౌరవం. కూలికి వెళ్ళే మాల, మాదిగ స్త్రీలకన్నా తాము ఒక మెట్టు పైనున్నామన్న భరోసా ఆ తక్కువ కూలిని కూడా మింగించింది. ఈ సంగతి మీస్ లోపలి పుటల్లో చెప్పకపోలేదు, కులం గురించి స్పష్టంగానే రాసింది. కానీ శీర్షిక దగ్గరికొచ్చేసరికి కులం జారిపోయి, దేశం మిగిలింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఈ పుస్తకంలోంచి ఎత్తుకున్నది ‘గృహిణి’నే. గృహిణి అనిపించుకునే అవకాశమే లేని దళిత స్త్రీ, ఎక్కువ కూలి తెచ్చుకుంటూ కూడా ఊరి దృష్టిలో తక్కువగా మిగిలిన స్త్రీ, ఆ సిద్ధాంతానికి అంచు మీదే ఉండిపోయింది. ఇంట్లో కూర్చోబెట్టడం ఒక కులం స్త్రీకి సంకెల అయితే, ఎండలో నిలబెట్టడం ఇంకో కులం స్త్రీకి సంకెల. రెండూ ఒకే ఊరి ఆర్థిక వ్యవస్థలో ఒకదాన్ని చూపించి ఇంకొకటి నడుస్తాయి. ఆ రెండింటినీ కలిపి చదివే సిద్ధాంతం మన దగ్గరే పుట్టాలి. దళిత స్త్రీవాదులు ఆ పని మొదలుపెట్టి చాలా కాలమే అయింది, గ్రామీణాభివృద్ధి శాఖలు ఇంకా వాళ్ళని చదవడం మొదలుపెట్టలేదు.

నరసాపురం పుస్తకం వచ్చిన పదేళ్ళకు నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. 1992లో అక్షరాస్యత తరగతుల్లోంచి లేచిన ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించేశారు. ఇదంతా మనకు తెలిసిందే. దీని వెనకే జరిగిన ఇంకో మార్పును మాత్రం మనం అంత గట్టిగా చదవలేదు. సారాకు పోయే డబ్బు దాచుకుందామంటూ అదే నెల్లూరులో పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. 1982 నుంచీ ఉన్న డ్వాక్రా పథకం ఈ రాష్ట్రంలో తొంభైలలోనే ఊపందుకుంది. 2000లో సెర్ప్ ఏర్పడింది, వెలుగు వచ్చింది, అది ఇందిర క్రాంతి పథం అయింది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు ఆంధ్ర అనుభవం దానికొక నమూనా.

దూబగుంట స్త్రీలు వేసిన ప్రశ్న ‘మా ఊళ్ళో సారా ఎవరు అమ్మిస్తున్నారు?’ అని. అది ప్రభుత్వాన్ని నిలదీసే ప్రశ్న, ఖజానా ఆదాయం మీద నేరుగా వేసిన ప్రశ్న. కొన్నేళ్ళకే అదే స్త్రీల ముందుకు తిరిగొచ్చిన ప్రశ్న ‘మీరు ఈ నెల ఎంత దాచారు?’ అన్నది. అడిగే చోటు నుంచి జవాబు చెప్పే చోటికి ఆమె మారిపోయింది. సంఘాలవల్ల మేలు జరగలేదని అనడం లేదు. బ్యాంకు గుమ్మం ఎక్కడం, సంతకం పెట్టడం, మండలాఫీసులో కుర్చీ లాక్కుని కూర్చోవడం చిన్న విషయాలు కావు. వడ్డీ వ్యాపారి చేతిలోంచి బయటపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. నా అభ్యంతరం సంఘాలతో కాదు, వాటి మీద పరిశోధన అడుగుతున్న ప్రశ్నతో.

ప్రపంచ బ్యాంకు పరిశోధకులు క్లాస్ డైనింజర్, యాన్యాన్ లియు 2009లో ప్రచురించిన అధ్యయనాన్నే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2,400 కుటుంబాల వివరాలతో చేసింది. జాగ్రత్తగా, నిజాయితీగా చేసిన పని. పథకం ఉన్న ప్రాంతాల్లో స్త్రీల సాధికారత పెరిగింది, తిండి మెరుగైంది, సభ్యుల ఇళ్ళలో వినియోగం పెరిగింది అని తేల్చారు. ఆదాయం గానీ ఆస్తి గానీ పెరిగినట్టు మాత్రం ఆధారం దొరకలేదన్నారు, పథకం వచ్చి ఎక్కువ కాలం కాకపోవడం అందుకు కారణం కావచ్చునన్నారు. కావచ్చు. నాకు మాత్రం ఆ ఫలితం చూడగానే వేరే ప్రశ్న వస్తుంది. ఆదాయం పెరగకుండా తిండి మెరుగయితే, ఆ తేడాను తన పనితో, తన నిద్రతో, తన సర్దుబాటుతో పూడ్చిందెవరు? వాయిదా రోజు ముందు రాత్రి ఎవరి దగ్గర చేబదులు తెచ్చారు? అప్పు ఆమె పేరు మీద ఉంటే డబ్బు ఎవరి చేతికి పోయింది? చివరి ప్రశ్న కొత్తదేం కాదు. 1996లోనే ఆన్ మేరీ గోయెట్జ్, రీనా సేన్‌గుప్తా బంగ్లాదేశ్‌లో ఇదే అడిగారు. స్త్రీల పేరున ఇచ్చిన అప్పుల్లో చాలా భాగం మీద పెత్తనం ఇంట్లో మగవాళ్ళదేనని చూపించారు. ‘అప్పు తీసుకుంది ఎవరు?’ అని అడిగితే ఒక జవాబు వస్తుంది, ‘అప్పు మోస్తోంది ఎవరు?’ అని అడిగితే ఇంకొకటి వస్తుంది. మన సిద్ధాంత గ్రంథాల్లో తొంభై శాతం పైన తిరిగి చెల్లింపు అని గర్వంగా రాసే అంకె మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే.

రెండో ప్రశ్న అడక్కపోతే ఏమవుతుందో 2010లో చూశాం. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఊళ్ళో, ఒకే ఇంటికి, ఒకామె తీర్చకముందే ఇంకో అప్పు ఇచ్చాయి. వాయిదా కట్టలేని స్త్రీని ఆమె గుంపు స్త్రీల చేతే నిలదీయించాయి. ఆత్మహత్యల వార్తలొచ్చాక ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పటిదాకా పుస్తకాల్లో ‘సామాజిక పూచీ’ అని మెచ్చుకున్నది ఊళ్ళో ఏమిటంటే, పక్కింటామె వచ్చి వాకిట్లో కూర్చోవడం. ఒకే విషయానికి పరిశోధనలో ఒక పేరు, వాకిట్లో ఒక పేరు. మొదటి పేరు పెట్టినవాళ్ళు రెండోది వినలేదు. వినడానికి వాళ్ళ ప్రశ్నావళిలో గడి లేదు.

గడులు మారడం లేదా అంటే, కొంత మారుతున్నాయి. జాతీయ నమూనా సర్వేలో ఇంటిపనితో పాటు కట్టెలు ఏరడం, ఇంటి కోసం కుట్టడం లాంటివి చేసే స్త్రీలకు 93 అని ఒక విడి సంకేతం ఎప్పటినుంచో ఉంది. ఆ సంకేతం పడ్డవాళ్ళు శ్రామికుల లెక్కలోకి రారు. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా కాలవినియోగ సర్వే చేశారు, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటికీ మొదటి సర్వే 2019లో జరిగింది. 2024 సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పని మీద పెడుతున్నారు. ఇంకోవైపు 15 ఏళ్ళు దాటిన గ్రామీణ స్త్రీలలో శ్రామిక శక్తిలో భాగంగా లెక్కకొచ్చేవాళ్ళు 2017-18లో 24.6 శాతం ఉంటే 2023-24కి 47.6 శాతమయ్యారు. సంబరపడే ముందు లోపలికి చూడాలి. పెరిగినదాంట్లో పెద్ద వాటా స్వయం ఉపాధిది. ఇంటి పొలంలోనో కొట్టులోనో జీతం లేకుండా పనిచేసేవాళ్ళు కూడా అందులోకే వస్తారు. సర్వేలో వాళ్ళ పేరు ‘సహాయకులు’. నిన్నటి గృహిణి ఇవాళ సహాయకురాలు. లెక్కలోకి వచ్చింది, కూలిలోకి రాలేదు. నరసాపురం లేసుకు ఇటీవల భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి గుర్తింపు, వస్తువుకు గుర్తింపు. పువ్వు అల్లిన చేతికి ఎంత కట్టాలన్నది ఆ గుర్తింపు పత్రం తేల్చే విషయం కాదు.

మరి ఏం చెయ్యాలి? మన దగ్గరే దారులు వేసినవాళ్ళున్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని సాక్ష్యంగా కాక చరిత్రగా అచ్చు వేశారు. గడులు ముందే గీసుకుని వెళ్ళకుండా, చెప్పేవాళ్ళ మాట ఎటు పోతే అటు వెళ్ళారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు ఇంకో అడుగు ముందుకేశారు. కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లాకు వెళ్ళి, బీటీ పత్తి వేసిన రైతుల్ని ఏళ్ళ తరబడి సీజన్ తర్వాత సీజన్ అడిగి రికార్డు చేశారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. అప్పటిదాకా ‘లబ్ధిదారులు’ అన్న గడిలో ఉన్న స్త్రీలు అడిగేవాళ్ళయ్యారు. వాళ్ళు అడిగింది ఎకరానికి దిగుబడి ఎంత అని మాత్రమే కాదు. ఖర్చెంత, అప్పెంత, చివరికి రైతు చేతిలో మిగిలింది ఎంత అని. స్వచ్ఛంద సంస్థల నీడలో జరిగే పనికి దాని పరిమితులు దానికుంటాయి, వాటినీ చదవాల్సిందే. అయినా ప్రశ్న చేతులు మారితే జవాబు ఎంత మారుతుందో పస్తాపూర్ చూపించింది.

పరిశోధన చేసే, చేయించే స్థానాల్లో ఇవాళ మనలో చాలామందిమి ఉన్నాం. గైడ్‌లుగా, పరీక్షకులుగా, కమిటీల్లో సభ్యులుగా సంతకాలు పెడుతున్నాం. కాబట్టి ఇది ఎవరికో చేసే విజ్ఞప్తి కాదు. ‘వృత్తి ఏమిటి?’ అని అడిగే ముందు ‘నిన్న పొద్దున లేచినప్పటినుంచి ఏమేం చేశారు?’ అని అడగమని మన విద్యార్థులకు చెప్పడం మన చేతిలో పని. జవాబు భర్త దగ్గర కాక ఆమె దగ్గరే తీసుకోమనడం మన చేతిలో పని. క్షేత్ర పరిశోధనలో మాట్లాడించి, దుబాసీగా నిలబడి, అర్థం విడమరిచిన స్త్రీల పేర్లు కృతజ్ఞతల పేజీ దాటి లోపలికి రావాలి. మీస్ 1986లో వ్యవసాయ కూలి స్త్రీల మీద తెచ్చిన పుస్తకం మీద లలిత, కృష్ణకుమారి పేర్లు ఉన్నాయి. అది మర్యాద కోసం చేసిన పని కాదు. వాళ్ళు లేకపోతే ఆ పుస్తకమే లేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఊరి నుంచి తీసుకున్నది ఊరి భాషలో ఊరికి తిరిగి రావాలి. స్త్రీలు తెలుగులో చెప్పిన మాట ఇంగ్లీషులో సిద్ధాంతమై, విశ్వవిద్యాలయం లైబ్రరీ అలమరలో ఆగిపోతోంది. అది తెలుగులోకి వచ్చి, సంఘం సమావేశంలో ఎవరో గట్టిగా చదివితే, ‘ఇది తప్పు, మేమలా అనలేదు’ అని వాళ్ళు అడ్డం పడగలగాలి. ఆ అడ్డం పడటాన్ని కూడా పరిశోధనలో ఒక అధ్యాయంగా ఒప్పుకున్ననాడు మన సిద్ధాంత గ్రంథాలు అభివృద్ధి గురించి మాట్లాడే అర్హత సంపాదించుకుంటాయి. ఆ అనువాదాలు చేయగలిగినవాళ్ళం, ఆ అధ్యాయం రాయమని పట్టుబట్టగలిగినవాళ్ళం మనమే కదా!